సిక్కోలు తీరంలో లోతు నీటి మెత్తని పగడాలు: గుర్తించడం నుంచి పటం దాకా

రాళ్ల దగ్గర వేసిన అడుగు వల దులిపేటప్పుడు చేపలతో పాటు ఎర్రటి ముళ్ల గుత్తులు, విసనకర్రల్లాంటివి, కొరడాల్లాంటి పొడవాటి పుల్లలు రాలుతుంటాయి. కళింగపట్నంలోనైనా, భావనపాడులోనైనా, ఇటు చింతపల్లి, కోనాడల్లోనైనా చెట్టు కొమ్మలనుకుని అవతల పారేయడమే ఎక్కువ. అవి మెత్తని పగడాలు, వాటి బంధువులు. అంటే జంతువులు. ఒక్కో కొమ్మ మీద వందల పాలిప్‌లు (నోరు, దాని చుట్టూ చేతులు ఉన్న బుల్లి జీవులు) కలిసి కాపురం చేస్తుంటాయి. వాటి మధ్య పీతలు, పెళుసు నక్షత్రాలు (నక్షత్ర చేపల బంధువులు), చేప పిల్లలు తలదాచుకుంటాయి. ఏ జాతి, ఏ రాయి మీద, ఎన్ని బారల్లో ఉందో ఈ రోజు రాసిపెట్టకపోతే, రేపు ఆ రాయి మట్టి కింద పడినా పోయిందేమిటో చెప్పేవాళ్లు ఉండరు.

శాస్త్రం లెక్కలో 200 మీటర్ల కింద ఉన్నదే లోతు సముద్రం. ఊరి ఫైబర్ బోటుతో, తాడు కట్టిన కెమెరాతో పని చేయగలిగేది 30 నుంచి 100 మీటర్ల వరకు, అంటే సుమారు 16 నుంచి 55 బారలు. ఆ కిందిది సాగర్ సంపద లాంటి పరిశోధన నౌకల పని. కానీ నమూనా చేతికొచ్చాక గుర్తించే పద్ధతి 40 మీటర్లదైనా 800 మీటర్లదైనా ఒక్కటే. పటం వేసే పద్ధతీ అంతే.

ముందు అనుమతి, తర్వాత కాలం

సముద్రపు విసనకర్రలు అనే గోర్గోనియన్లు, నల్ల పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. 2001లో వీటిని ఆ జాబితాలో చేర్చారు. వలలో తనంతట వచ్చినదాన్ని ఫొటో తీసి తిరిగి నీళ్లలో వదలండి. చిన్న ముక్కైనా దాచాలంటే అటవీ శాఖ నుంచి, అంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. విశ్వవిద్యాలయం లేదా పరిశోధన సంస్థ ద్వారా దరఖాస్తు చేస్తే పని సులువు. అనుమతి లేకుండా ఇంట్లో ఎండబెట్టి పెట్టుకున్న విసనకర్ర రేపు మీ మీద కేసవుతుంది.

కాలం విషయానికొస్తే జనవరి నుంచి మార్చి వరకు మేలు. జూలై నుంచి అక్టోబరు దాకా వంశధార, నాగావళి, మహేంద్రతనయ తెచ్చే బురదతో ఒడ్డు దగ్గర నీళ్లు టీ రంగులో ఉంటాయి, కెమెరాకు ఏమీ కనబడదు. అక్టోబరు నుంచి డిసెంబరు తుపాన్ల కాలం, ఒక్కోసారి సెప్టెంబరులోనే వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర, 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో సర్వేకు ఇంజిన్ బోటు తీయాలంటే మత్స్యశాఖతో ముందే మాట్లాడుకోవాలి. బోటెక్కే ముందు కోస్ట్‌గార్డ్ 1554 నంబరు అందరి ఫోన్లలో ఉందో లేదో చూసుకోండి.

చోటు ఎంచుకోవడం: వల చిరిగే చోటు అడగండి

మెత్తని పగడాల్లో ఎక్కువ జాతులకు పట్టుకోవడానికి గట్టి నేల కావాలి, తిండి మోసుకొచ్చే ప్రవాహం కావాలి. మన తీరంలో నేల ఎక్కువగా బురద, ఇసుక. అందుకే రాళ్లు, మునిగిన ఓడలు, అంచు కోసుకుపోయిన గట్లు వెతకాలి. అవెక్కడున్నాయో చార్టు కంటే బోటు నడిపే సరంగుకు బాగా తెలుసు. "ఏ రాయి మీద వల ఎక్కువ చిరుగుతుంది బాబూ? ఎన్ని బారలు?" అని అడగండి. చాలామంది రెండు గుర్తులు కలిపి చోటు చెబుతారు: ఉత్తరాన మహేంద్రగిరి, ఒడ్డున కళింగపట్నం దీపస్తంభం, లేదా చింతపల్లి దీపస్తంభం. ఆ గుర్తు మీదకు వెళ్లాక జీపీఎస్‌లో పాయింటు తీసుకోండి.

ఒక జాగ్రత్త. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు, మనిషిని బట్టి మారుతుంది. సరంగు బారను టేపుతో కొలిచి రాసుకోండి. 1.7 మీటర్లని తేలితే ఆయన చెప్పిన 40 బారలు 68 మీటర్లు. 1.83తో గుణిస్తే 73 వస్తుంది. 5 మీటర్ల తేడా పటం మీద చిన్నదే, జాతి నివసించే లోతు తేల్చేటప్పుడు పెద్దదే.

వలలో వచ్చినదానికి చిరునామా

నమూనా ఎంత అందంగా ఉన్నా చిరునామా లేకపోతే పటానికి పనికిరాదు. ట్రాల్ వల 3 నాట్ల వేగంతో 2 గంటలు లాగితే దాదాపు 11 కిలోమీటర్లు నడిచినట్టు. అందులో వచ్చిన పగడం ఆ 11 కిలోమీటర్లలో ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అందుకే మొదలు, చివర రెండు పాయింట్లు, రెండు లోతులు రాయాలి. పటం మీద అది చుక్క కాదు, గీత. ఒకచోట వేసి వదిలే అడుగు వలైతే చుక్క పెట్టవచ్చు. తుపాను తర్వాత బారువ ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కను గుర్తింపు నేర్చుకోవడానికి వాడుకోండి, పటం మీద మాత్రం పెట్టకండి.

అక్షాంశం రాసే తీరు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. జీపీఎస్ తెర మీద 18°20.5' అని ఉంటే అది 18.205 కాదు. 20.5ను 60తో భాగించాలి, అప్పుడు 18.3417 వస్తుంది. భాగించకుండా రాస్తే మీ పగడం 15 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. బోటెక్కే ముందే జీపీఎస్‌ను దశాంశ డిగ్రీలకు, డబ్ల్యూజీఎస్ 84 అనే ప్రామాణిక పద్ధతికి మార్చిపెట్టుకోండి.

బోటు మీద మొదటి పది నిమిషాలు

వల నుంచి తీయగానే ఎండలో పెట్టకండి. నీడలో బకెట్ నిండా సముద్రపు నీళ్లు తీసుకుని అందులో నిలబెట్టండి. నీళ్లు నిండితే ఉబ్బి, గాలిలోకి రాగానే ముడుచుకుపోయే జాతులు చాలా ఉన్నాయి. డెండ్రోనెఫ్తియా గుత్తి నీళ్లలో రెండు చేతులంత ఉండి, బయట పిడికెడు అవుతుంది. కాబట్టి ఎత్తు రాసినప్పుడు ఉబ్బి ఉందా, ముడుచుకుందా అన్నదీ రాయాలి.

ఫొటోలు ఐదు: మొత్తం గుత్తి, అంటుకునే మొదలు, ఒక కొమ్మ దగ్గరగా, పాలిప్‌లు ఇంకా దగ్గరగా, విరిగిన చోట లోపలి భాగం. ప్రతి ఫొటోలో సెంటీమీటర్ల స్కేలు, నమూనా నంబరు ఉండాలి. పాలిప్‌లు ముడుచుకుంటే, దాచడానికి అనుమతి ఉన్న ముక్కను మాత్రమే మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచండి. లీటరు మంచినీటికి 75 గ్రాముల పలుకులు కలిపి, ఆ నీటిని అంతే సముద్రపు నీటితో కలపాలి. అరగంటలో సాధారణంగా పాలిప్‌లు విచ్చుకుని నిలుస్తాయి.

దాచే ముక్కలు రెండు. 1 నుంచి 2 సెంటీమీటర్ల కొమ్మ ఒకటి 95 శాతం ఇథనాల్‌లో డీఎన్ఏ కోసం. అరచేతి సగమంత ముక్క 70 శాతం ఇథనాల్‌లో రూపం చూడటానికి. ముక్కకు పదింతల ద్రవం ఉండాలి, మర్నాడు ఒకసారి మార్చాలి. ముక్కలోని నీళ్లు ఇథనాల్‌ను పలచన చేస్తాయి, మార్చకపోతే నెలలో కుళ్లు వాసన వస్తుంది. ఫార్మలిన్ వద్దు. అది కాలం గడిచేకొద్దీ పులిసి ఆమ్లమవుతుంది, గుర్తింపు కోసం మనం వెతికే, కండలో ఉండే సన్నటి సున్నపు ముల్లులు దానిలో కరిగిపోతాయి. లేబుల్ మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ను సిరా ఇథనాల్‌లో కారిపోతుంది, బయట అంటించిన చీటీ ఊడిపోతుంది.

చేతి భూతద్దంతో తొలి వడపోత

పది రెట్ల భూతద్దం చాలు. ముందు పాలిప్ చేతులు లెక్కపెట్టండి. ఎనిమిది ఉండి, ఒక్కో చేతికి రెండు పక్కలా పక్షి ఈకలా చిన్న పాయలుంటే అది ఆక్టోకోరల్, అంటే మన మెత్తని పగడాల బంధువర్గం. ఆరు చేతులుండి, కొమ్మ లోపలి పుల్ల నల్లగా మెరుస్తూ దాని మీద సన్న ముళ్లు తగిలితే నల్ల పగడం. కొమ్మలు వెంట్రుకంత సన్నగా ఉండి పాలిప్‌లు గిన్నెల్లో కూర్చున్నట్టుంటే హైడ్రాయిడ్ అనే వేరే జీవి. ఈ మూడింటినీ కలిపేయడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

తర్వాత కొమ్మను అడ్డంగా కోసి మధ్యలో చూడండి.

లోపల పుల్ల లేకుండా మెత్తటి కండ మాత్రమే ఉంటే నిజమైన మెత్తని పగడం. పాలిప్ గుత్తులు వేళ్లకు ముళ్లలా గుచ్చుకుంటే డెండ్రోనెఫ్తియా వైపు వెళ్లండి. కొమ్మలు పెళుసుగా, విరిస్తే లోపల తెల్లటి సూదుల కట్టలా కనబడితే కైరోనెఫ్తియా, సిఫోనోగోర్గియా వైపు చూడండి.

నల్లటి లేదా గోధుమ రంగు కొమ్ములాంటి పుల్ల ఉండి వంగితే గోర్గోనియన్. అదే పుల్ల గట్టిగా, తెల్లగా ఉండి, నిమ్మరసం చుక్క వేస్తే బుడగలొచ్చి, కొరడాలా పొడవుగా ఉంటే ఎలిసెల్లిడే కుటుంబం: జున్సెల్లా, ఎలిసెల్లా లాంటివి. పుల్ల మీద ముడులు ముడులుగా వెదురులా తెల్లటి సున్నపు గణుపులు, నల్లటి కీళ్లు మారిమారి వస్తే వెదురు పగడం. ఇవి ఎక్కువగా లోతు నీటివి. కీళ్లు ఉబ్బి మెత్తగా, ఎరుపు లేదా పసుపు రంగులో ఉంటే మెలితియా. పుల్ల లోపల గట్టి కేంద్రం లేకుండా కలిసిపోయిన ముల్లులతో స్పాంజిలా ఉంటే సబర్గోర్గియా.

కొమ్మలు లేకుండా మధ్య కాడ, రెండు పక్కల ఆకులు, అడుగున బురదలో దిగే కండ తొడిమ ఉంటే సముద్రపు కలం: ప్టెరోయిడిస్, విర్గులేరియా లాంటివి. బురద నేలలో రాయి లేకపోయినా ఇవి బతుకుతాయి. వంశధార ముఖం ఎదుట బురద మీద వెతికితే ఇలాంటివే దొరికే అవకాశం ఎక్కువ.

ఎవరైనా 80 మీటర్ల కింద సైనులేరియా లేదా సార్కోఫైటన్ దొరికిందంటే ముందు లేబుల్‌ను అనుమానించండి. వాటి కండలో శైవలాలు (కంటికి కనబడని నాచు) ఉంటాయి, అవి ఎండ తిని బతుకుతాయి. మన బురద నీళ్లలో అంత కిందకు ఆ వెలుగు చేరదు. లోతు తప్పు రాసి ఉండాలి, లేదా గుర్తింపు తప్పి ఉండాలి.

రంగును నమ్మకండి. కొన్ని జాతుల్లో రంగు ముల్లులోనే ఉంటుంది, అది ఏళ్ల తరబడి ఇథనాల్‌లో నిలుస్తుంది. కండలో ఉన్న రంగు మాత్రం వారంలో పోతుంది. తాజాగా తీసిన ఫొటోకు ఉన్న విలువ ఇక్కడే.

అసలు గుర్తింపు: సున్నపు ముల్లులు

స్క్లెరైట్లు అనే ఈ ముల్లులు కంటికి కనబడనంత చిన్నవి. చాలా జాతుల్లో 0.05 నుంచి 0.3 మిల్లీమీటర్లు, కొన్నింటిలో కొన్ని మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. కదురులా, గదలా, ఇసుక గడియారంలా, రెండు తలల డంబెల్‌లా, చేప పొలుసులా రకరకాలు. పేరు తేలేది వీటి దగ్గరే. ఫొటో మాత్రం చూసి జాతి పేరు రాసేవారిని, ఎంత అనుభవమున్నా, నేనైతే నమ్మను.

ఒకే పగడంలో చోటు మారితే ముల్లు ఆకారం మారుతుంది. అందుకని ఆరు చోట్ల నుంచి 3 నుంచి 5 మిల్లీమీటర్ల ముక్కలు, ఆరు వేర్వేరు చిన్న సీసాల్లోకి: పాలిప్ తల, పాలిప్ కూర్చునే గిన్నె, కొమ్మ పైపొర, కొమ్మ లోపల, మొదలు పైపొర, మొదలు లోపల. అన్నీ కలిపేస్తే ఏ ఆకారం ఎక్కడిదో చెప్పలేరు, పుస్తకంలో ఉన్న కీ (లక్షణాలను బట్టి పేరు తేల్చే పట్టిక) పనికి రాదు.

ఇథనాల్‌లోంచి తీసిన ముక్కను ముందు డిస్టిల్డ్ వాటర్‌లో రెండుసార్లు కడగండి. ఇథనాల్ ఉండగా బ్లీచ్ పోస్తే హానికరమైన క్లోరోఫాం పుట్టే ప్రమాదముంది. తర్వాత సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్, సుమారు 5 శాతం ఉన్నది, ముక్క మునిగేంత వేయండి. బుడగలు వస్తాయి, 10 నుంచి 30 నిమిషాల్లో కండ కరిగిపోయి అడుగున తెల్లటి లేదా రంగు పొడి మిగులుతుంది. గాలి ఆడే గదిలో చేయండి. బ్లీచ్ దగ్గర నిమ్మరసం, వెనిగర్, ఏ యాసిడ్ ఉండకూడదు. విషవాయువు వస్తుంది, ముల్లులూ పోతాయి.

పొడి పూర్తిగా దిగేదాకా పది నిమిషాలు ఆగి, పైనీటిని డ్రాపర్‌తో నెమ్మదిగా లాగేయండి. డిస్టిల్డ్ వాటర్‌తో ఐదుసార్లు ఇలా కడగాలి. తొందరపడితే సన్న ముల్లులు డ్రాపర్‌లో పోతాయి, సరిగ్గా పాలిప్ తలలోని సన్నవే పోతాయి. అవి లేకపోతే ప్రజాతి (జీనస్) తేలదు. ప్రతి సీసాకు వేరే డ్రాపర్. ఒకటే వాడితే రెండో నమూనాలో మొదటి దాని ముల్లులు కనబడి, లేని కొత్త జాతి కనిపెట్టేస్తారు. కడగడం తక్కువైతే ఎండాక చతురస్రపు ఉప్పు పలుకులు కనిపిస్తాయి, వాటిని ముల్లులనుకోకండి.

ఎండిన పొడిలో చిటికెడు గ్లిసరిన్ చుక్కలో వేసి, కవర్‌స్లిప్ పెట్టి 100 రెట్లలో, ఆపైన 400 రెట్లలో చూడండి. ప్రతి చోటునుంచి కనీసం 20 ముల్లులు కొలిచి పొడవు, వెడల్పు, ఆకారం గీసుకోండి. ఫోన్ కెమెరాను ఐపీస్‌కు ఆనించి తీసిన ఫొటో చాలు, కాకపోతే అదే రెట్లలో స్కేలు స్లైడ్‌ను కూడా ఒక ఫొటో తీసిపెట్టుకోవాలి. రెండు తలల డంబెల్ ముల్లులు, గట్టి సున్నపు పుల్ల కలిసి కనబడితే ఎలిసెల్లిడే అని ధీమాగా రాయవచ్చు. చేప పొలుసుల్లాంటివి పాలిప్‌ను కవచంలా కప్పి ఉంటే ప్రిమ్నోయిడే, అది లోతు నీటి కుటుంబం. ప్రచురణకు వెళ్లేటప్పుడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు అడుగుతారు. కొత్త నమూనాల్లేకపోయినా ఎండిపోయిన విసనకర్రలోనూ ముల్లులు అలాగే ఉంటాయి, కాబట్టి పాత మ్యూజియం నమూనాలూ పనికొస్తాయి.

డీఎన్ఏ గురించి క్లుప్తంగా. చేపల జాతి తేల్చడానికి వాడే కాక్స్-1 అనే జన్యు బార్‌కోడ్ వీటి దగ్గర బలహీనం. ఆక్టోకోరల్ మైటోకాండ్రియాలో ఎమ్‌యూటీఎస్ అనే, పొరపాట్లు దిద్దేదిగా భావించే జన్యువు ఉంది, మార్పులు చాలా నెమ్మదిగా పేరుకుంటాయి. అందుకే ఆ ఎమ్‌యూటీఎస్, కాక్స్-1, 28ఎస్ అనే మూడు జన్యువులూ కలిపి చూస్తారు. అయినా దగ్గరి జాతులు విడిపోకపోవచ్చు.

పేరు రాసేటప్పుడు ఒక మాట. 2022లో ఆక్టోకోరల్‌ల వర్గీకరణ మొత్తం మారింది. ఇప్పుడు మలకాల్సియోనేసియా, స్క్లెరాల్సియోనేసియా అని రెండే క్రమాలు (ఆర్డర్లు), కుటుంబాలూ చాలా మారాయి. పాత కీల్లోని పేరును ప్రపంచ సముద్ర జీవుల రిజిస్టర్‌లో వెతికి ఇప్పటి పేరు రాయండి. తేలనప్పుడు "డెండ్రోనెఫ్తియా జాతి 1" అని రాయడం తప్పు కాదు. ఊహించి జాతి పేరు పెట్టడం తప్పు.

కెమెరా దించడం

వల చెప్పేది కొంతే. పగడం రాయి మీద ఎలా నిలబడిందో, పక్కన ఎన్ని ఉన్నాయో కెమెరా చెబుతుంది. స్టీలు చట్రంలో లోతుకు తగిన కేసులో కెమెరా, రెండు దీపాలు, 10 సెంటీమీటర్ల దూరంలో సమాంతరంగా రెండు లేజర్లు. సాధారణ యాక్షన్ కెమెరా కేసులు చాలావరకు 60 మీటర్ల దాకానే నిలుస్తాయి, 80కి దించితే నీళ్లు చేరతాయి. దీపాలను కెమెరా పక్కన కాకుండా అర మీటరు దూరంలో 45 డిగ్రీల వాలులో పెట్టండి, లేకపోతే బురద రేణువులు మెరిసి మంచు పడుతున్నట్టు కనబడుతుంది. తాడుకు ప్రతి 5 మీటర్లకు రంగు గుర్తు కట్టాలి.

ఇంజిన్ ఆపి ప్రవాహంతో బోటును వదిలేయండి. అర నాటు వేగానికి పది నిమిషాల్లో 150 మీటర్ల దూరం నడుస్తుంది, అది ఒక వరుస. నేలను తాకకుండా ఒక మీటరు పైన ఆగాలి, తాకితే బురద లేస్తుంది, పగడం విరుగుతుంది. తెరలో లేజర్ చుక్కల మధ్య దూరం తెర వెడల్పులో పదో వంతుంటే మీరు మీటరు వెడల్పు చూస్తున్నట్టు. 150 చదరపు మీటర్లలో 12 గుత్తులు లెక్కిస్తే వంద చదరపు మీటర్లకు 8 అని వస్తుంది. ఈ లెక్క ఏ ఫొటో నుంచీ రాదు.

కెమెరా బోటు కిందే ఉండదని గుర్తుంచుకోండి. తాడు 120 మీటర్లు వదిలి, నీళ్ల లోతు 100 అయితే కెమెరా దాదాపు 66 మీటర్లు వెనక ఉంటుంది. తాడు పొడవు, లోతు రెండింటి వర్గాల (స్క్వేర్ల) తేడాకు వర్గమూలం తీస్తే ఈ దూరం వస్తుంది. దిశ తాడు వాలిన వైపు. సవరించకపోతే రాయి పక్కనున్న బురద మీద మీ విసనకర్ర నిలబడుతుంది.

పటం

క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ ఉచితం, చాలు. నేల లోతుకు ప్రపంచ సముద్రాల లోతులు చూపే జెబ్కో గ్రిడ్ వాడవచ్చు. దాని ఒక గడి దాదాపు 450 మీటర్లు, కాబట్టి 30 మీటర్ల రాయి అందులో కనబడదు. శబ్దంతో లోతు కొలిచే మీ సొంత ఎకోసౌండర్ లోతులు పైన వేసుకోండి. ఇక్కడ మన తీరానికే వచ్చే చిక్కొకటి: 84 డిగ్రీల తూర్పు రేఖ దగ్గర యూటీఎం (డిగ్రీలకు బదులు మీటర్లలో చోటు చెప్పే పద్ధతి) జోన్ మారుతుంది. విజయనగరం తీరం 44వ జోన్, అంటే కోడ్ 32644. కళింగపట్నం, భావనపాడు, బారువ 45, అంటే 32645. ఒకే ఫైల్‌లో రెండూ కలిపితే పాయింట్లు వందల కిలోమీటర్లు జరుగుతాయి. డిగ్రీల్లోనే నిల్వ చేసి, దూరం లెక్కించేటప్పుడే మార్చండి.

ప్రతి పాయింటుకు నమ్మకం స్థాయి ఒక కాలమ్‌లో పెట్టాలి: ఫొటో మాత్రమే 1, ముల్లులు చూసినది 2, ముల్లులు, డీఎన్ఏ రెండూ చూసి వర్గీకరణ నిపుణుడు నిర్ధారించినది 3. చుక్క రంగు జాతికి కాదు, దీనికి ఇవ్వండి. పాఠకుడికి ఏది గట్టి మాటో ఏది అంచనానో వెంటనే కనబడాలి.

ఏమీ దొరకని వరుసలను తుడిచేయకండి. వెతికి దొరకని చోటుకూ అక్షాంశం, లోతు, చూసిన చదరపు మీటర్లు ఉండాలి. బంగాళాఖాతంలో ఒక లోతు పొరలో ఆక్సిజన్ బాగా తక్కువ. అది సుమారు 100 మీటర్ల దగ్గర మొదలై కొన్ని వందల మీటర్లు సాగుతుంది, అక్కడ జీవం పలచబడుతుంది. ఆ ఖాళీ నిజమైన ఖాళీయో, మీరు అసలు చూడని ఖాళీయో చెప్పేది ఆ సున్నా వరుసలే.

చివరగా, ఎవరికి ఏం చూపిస్తున్నారో ఆలోచించుకోండి. సరంగు నమ్మి చెప్పిన రాళ్లు ఆయన బతుకుతెరువు. విసనకర్ర ఉన్న రాయి అక్రమంగా తవ్వుకుపోయేవాళ్లకు చిరునామా. బయట పెట్టే పటంలో పాయింట్లను 0.1 డిగ్రీ గడులకు కుదించండి, అంటే ఒక్కోటి 11 కిలోమీటర్ల చుట్టుపక్కల. అసలు ఫైల్ రెండు చోట్ల, ఒకటి నమూనాలు పెట్టిన మ్యూజియంలో, నమూనా నంబర్లతో సహా దాచండి.